స్లాబు దాకా గోడ

మైకు మేస్త్రికి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో ఎక్కడో రాసి ఉంటుంది కూడా. కానీ ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ముప్పయ్యేళ్ళు డ్రిల్లింగు మిషన్ల పక్కన నిలబడి కేకలేసి కేకలేసి ఆయన గొంతు అలా ఖాయమైపోయింది. "కాసిని మంచినీళ్ళివ్వవే" అని వంటింట్లోకి ఓ మాట అంటే, పక్కింటావిడ కూడా గ్లాసు కోసం వెతుక్కునేంత గొంతు. మనసు మాత్రం వెన్నపూస. కొత్తగా పనిలో చేరినవాళ్ళు మొదటి రోజు ఆ గొంతుకు హడలిపోయేవాళ్ళు, రెండో రోజుకి ఆయన మీదే జోకులేసేవాళ్ళు.

ఆయన పని ఆఫీసులకు లోపలి గోడలు పెట్టడం. ఇటుకా సిమెంటూ ఏమీ ఉండవు. రేకు పట్టీలు నిలబెట్టి, వాటికి అటూ ఇటూ బోర్డులు బిగించి, అతుకుల మీద పుట్టీ పూసి, రంగేస్తే గోడ. దాంతో పాటే నెత్తి మీద ఫాల్స్ సీలింగు. హాలు చూపించి "ఇక్కడ పది గదులు కావాలి" అంటే చాలు, పదో రోజుకి తలుపులకు గొళ్ళేలతో సహా గదులు తయారు. ఎన్ని ఆఫీసులు ఆయన చేతి మీదుగా గదులయ్యాయో ఆయనకే గుర్తులేదు.

ఈసారి దొరికిన పని కాస్త వేరు. నాలుగంతస్తుల బీమా ఆఫీసు ఖాళీ అయితే ఆ భవనాన్ని ఒక కాలేజీ వాళ్ళు తీసుకున్నారు. కింద ల్యాబులు, మొదటి అంతస్తులో లైబ్రరీ, పై రెండు అంతస్తుల్లో ఇరవై రెండు క్లాసురూములు. బీమా గుమాస్తాలు వరసలుగా కూర్చుని ఫైళ్ళు తిరగేసిన హాళ్ళలో ఇక పిల్లలు కూర్చుంటారు. క్లాసులకు ఏసీ వద్దు, కిటికీలు తీసుకుని ఫ్యాన్లు వేసుకుంటాం అని కాలేజీ వాళ్ళు అనడంతో, పైన పాకించిన లావుపాటి ఏసీ గొట్టాలన్నీ ఊడబెరికి పట్టుకుపోయారు.

అప్పుడు మేస్త్రికి ఒక ఐడియా వచ్చింది. ఐడియా అంటే కొత్తదేం కాదు, ఆఫీసుల్లో ఆయన ఎప్పుడూ చేసేదే. ముందు హాలంతటికీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే సీలింగు వేలాడదీస్తే, దాని కింద గోడలు గబగబా నిలబెట్టుకుంటూ పోవచ్చు. ఒక్కొక్క గోడనీ పైన స్లాబు దాకా తీసుకెళ్ళి, ఒక్కొక్క గదికీ విడిగా సీలింగు కట్టుకుంటూ కూర్చుంటే రెట్టింపు రోజులు పడుతుంది. పని చూసే ఇంజనీరుకి కూడా ఇది తెగ నచ్చేసింది. పద్ధెనిమిది రోజులు కలిసొచ్చాయని ఆయన పైవాళ్ళకు చెప్పుకున్నాడు. ప్రిన్సిపాల్ మేడం స్వయంగా మెట్లెక్కి వచ్చి తెల్లటి గోడలు తడిమి చూసి, "మేస్త్రీ, మీ చేతిలో ఏదో మంత్రముంది" అంది. మేస్త్రి ఆ మాట ఇంటికెళ్ళి ఎన్నిసార్లు చెప్పాడో ఆయన భార్యనడగాలి.

ఆ ఇంట్లో అందరిదీ పెద్ద గొంతే. మేస్త్రిది సరే, ఆయన భార్య కూరగాయల బండివాడితో బేరమాడితే నాలుగు వీధుల్లో ధరలు తగ్గుతాయి. కొడుకు లారీ మెకానిక్కు, ఇంజిను ఆడుతుండగానే మాట్లాడటం అలవాటు. ఇలాంటి కొంపలోకి నాలుగేళ్ళ కిందట కోడలు అడుగుపెట్టింది. బాటనీలో పెద్ద చదువు చదివిన పిల్ల. మాట మాత్రం మంచు కురిసినట్టు. పదిమంది మధ్య కూర్చుని భోజనాల దగ్గర "కాస్త ఉప్పందిస్తారా" అని మూడుసార్లు అడిగి, ఎవరికీ వినపడక, తనే లేచి తెచ్చుకునేది.

"అమ్మా, నువ్విప్పుడు మాట్లాడావా, మనసులో అనుకున్నావా?" అనేవాడు మేస్త్రి. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. కోడలు కూడా నవ్వేది. చుట్టాలొస్తే వాళ్ళకీ ఈ జోకు వినిపించేవాడు. "మా కోడలు నోరు తెరిస్తే చాలు, ఇల్లు నిశ్శబ్దమైపోతుంది" అని తనే నవ్వి, తనే తొడ చరుచుకునేవాడు. ప్రేమగానే అనేవాడు లెండి. ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం.

కోడలికి లెక్చరర్ కావాలని ఉండేది. ఇప్పటికి రెండు కాలేజీల్లో డెమో క్లాసు చెప్పి వచ్చింది. రెండుచోట్లా ఒకే మాట: పాఠం బాగుంది, గొంతు చాలదు. రెండోసారి అలా అనిపించుకుని వచ్చాక, నెలరోజులు డాబా మీదకెళ్ళి ఆరేసిన బట్టల్ని పిల్లలనుకుని పాఠాలు అరిచింది. గొంతు బొంగురుపోయి, మిరియాల పాలు తాగించాల్సి వచ్చిందే తప్ప గొంతు పెరగలేదు.

కొత్త కాలేజీ గేటుకి బాటనీ లెక్చరర్ కావాలని కాగితం అంటించినప్పుడు, తడి ఆరకముందే చదివి ఇంటికి చేరేసింది మేస్త్రే.

"వెళ్తాను మామయ్యా. కానీ నేను మీ కోడల్నని అక్కడ ఎవరికీ చెప్పకూడదు" అంది కోడలు.

"అదేంటమ్మా! ప్రిన్సిపాల్ మేడం నా మాటంటే..."

"అందుకే చెప్పొద్దంటున్నా. వస్తే నా వల్ల రావాలి. పోతే నా వల్లే పోవాలి." మళ్ళీ తనే అంది. "ఇదే ఆఖరు. ఇది కూడా పోతే పాఠాల సంగతి ఇంక మర్చిపోతా. మా పిన్ని వాళ్ళ మందుల షాపులో కూర్చోమంటున్నారు కదా, వెళ్ళి కూర్చుంటా."

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల ముఖం చూశాక మేస్త్రి ఇంక వాదించలేదు. నోటికి తాళం వేసుకుంటానని మాటిచ్చాడు.

డెమో క్లాసులు శనివారం పొద్దున పెట్టారు. రెండో అంతస్తులో మొదటి ఆరు గదులు పూర్తయ్యాయి కాబట్టి అక్కడే పెడదామంది ప్రిన్సిపాల్ మేడం. మూడో నంబరు గదిలో లెక్కల సార్లు, నాలుగో గదిలో బాటనీ వాళ్ళు పాఠం చెప్పాలి, వినడానికి కాలేజీ వాళ్ళు పదేసి మంది. మధ్యాహ్నం దాకా భవనంలో ఎక్కడా మిషను ఆడకూడదు, సుత్తి దెబ్బ వినపడకూడదని హుకుం. పనివాళ్ళంతా కిందకెళ్ళి టీలు తాగుతూ కూర్చున్నారు. మేస్త్రికి మాత్రం ఆ రోజు చేయాల్సిన చిల్లర పనులన్నీ ఆ గదుల ముందు కారిడార్లోనే గుర్తొచ్చాయి. నిచ్చెన తెచ్చి నాలుగో గది ఎదురుగా వేసుకున్నాడు. సీలింగులో వైర్లు చూసుకోవడానికి వదిలిన చదరపు మూత ఒకటి సరిగ్గా కూర్చోవడం లేదట. దాన్ని తీసి, చప్పుడు కాకుండా సరిచేస్తానని నిచ్చెనెక్కి తల పైకి పెట్టాడు.

పెట్టాడు గానీ, అలాగే కొయ్యబారిపోయాడు.

సీలింగుకీ స్లాబుకీ మధ్య నడుమెత్తు ఖాళీ. ఏసీ గొట్టాలు కూడా పోయాయేమో, ఆ చివరి నుంచి ఈ చివరికి బోడి మైదానంలా ఉంది. గోడలన్నీ సీలింగు దగ్గరే ఆగిపోయాయి, పైన అడ్డమన్నది లేదు. ఆ ఖాళీలోకి అన్ని గదుల మాటలూ ఒక్కసారిగా వచ్చి పడుతున్నాయి. ఒకటో గదిలో ఎవరో కుర్చీ జరిపారు. ఐదో గదిలో, తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళలో ఒకావిడ దగ్గింది. మూడో గదిలో లెక్కల సారు ఉరుముతున్నాడు. ఆ ఉరుముల కింద ఎక్కడో, సన్నగా, కోడలి గొంతు.

"విత్తనం చచ్చిపోయినట్టు కనపడుతుంది గానీ అది నిద్రపోతోందంతే. నీళ్ళు తగలగానే..."

"ఎక్స్ స్క్వేరుని కొట్టేయండి!" అన్నాడు లెక్కల సారు.

"...నీళ్ళు తగలగానే పైతోలు మెత్తబడుతుంది. లోపల చిన్న మొలక..."

"అటు పంపిస్తే మైనస్ అవుతుందా లేదా? అవుతుందా, లేదా?"

నాలుగో గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. "కొంచెం గట్టిగా అమ్మా" అంది ప్రిన్సిపాల్ మేడం గొంతు. కోడలు గొంతు పెంచింది. రెండు వాక్యాలు నిలబెట్టింది. మూడో వాక్యంలో గొంతు చీలి దగ్గొచ్చింది. గోడవతల సారు గారి ఎక్స్ విలువ తేలినట్టుంది, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వచ్చి ఈ పిల్ల పాఠం మీద పడ్డాయి.

ముప్పయ్యేళ్ళలో ఎన్ని వందలసార్లు ఇలా సీలింగులోకి తల పెట్టుంటాడు! ఒక్కనాడూ ఇది వినలేదు. ఎలా వింటాడు? ఆయన తల పెట్టినప్పుడల్లా కింద మిషన్లు మోగుతూనే ఉంటాయి. పనయ్యాక ఏసీ హోరు మొదలవుతుంది, మాటలన్నీ ఆ హోరులో కలిసిపోతాయి. ఆఫీసులో ఎవరి కాగితం వాళ్ళది, ఎవరూ నిలబడి గంటసేపు మాట్లాడరు. ఇక్కడ హోరు లేదు. గొట్టాలు లేవు. గదికి అరవై మంది పిల్లలు, ఒక నోరు. ఆఫీసుకి కట్టే గోడనే తెచ్చి కాలేజీకి కట్టేశాడు.

తర్వాత వినపడిన మాటలు మరీ స్పష్టంగా వినపడ్డాయి. లెక్కల సారు అప్పటికి పాఠం ముగించాడు.

"విషయం ఎంత బాగా చెబుతోందో. కానీ గొంతు లేదండీ. అరవై మంది ముందు ఏం నిలబడుతుంది?" అన్నారెవరో.

"అదే నా బాధానూ" అంది ప్రిన్సిపాల్ మేడం.

తలుపు తీసుకుని కోడలు బయటికొచ్చింది. చేతివేళ్ళకు సుద్దపొడి. నిచ్చెన పక్కనుంచే వెళ్ళింది, మాటిచ్చుకున్నారు కదా, ముక్కూమొహం తెలియనివాళ్ళలా తలెత్తకుండా వెళ్ళిపోయింది. మెట్ల మలుపులో చీర కొంగుతో ముఖం తుడుచుకోవడం నిచ్చెన మీంచి కనపడింది.

అయ్యో రామా అనుకుని మేస్త్రి నిచ్చెన దిగి పుట్టీ డబ్బా మీద కూలబడ్డాడు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. మూత పెట్టేసి కిందకెళ్ళి టీ తాగొచ్చు. మూడు వారాల్లో కాలేజీ తెరుస్తారు, చేతులు దులుపుకుని ఇంకో చోటికి పోవచ్చు. చెబితే? ఇరవై రెండు గదులూ మళ్ళీ మొదటికొస్తాయి. మంత్రం ఉందన్న చేతికే మకిలి అంటుతుంది. పైగా కోడలి కోసం కథలల్లుతున్నాడంటారు. ఇవన్నీ ఆలోచించాడు, కాదనను. కానీ వీటన్నిటికంటే ఇంకొకటి ఆయన్ని ఎక్కువ కెలికింది. గొంతు లేదన్న మాట ఆ గదిలోవాళ్ళు ఈ రోజే అన్నారు. ఆయన నాలుగేళ్ళుగా అంటున్నాడు. అదీ, నవ్వుతూ, పదిమందిలో. తలుచుకుంటే సిగ్గుతో చితికిపోయాడు.

ముందు ఇంజనీరు దగ్గరికెళ్ళాడు. ఆయన వింటూ వింటూనే తెల్లబోయాడు.

"మేస్త్రీ, నీకు దండం పెడతా, ఊరుకో. అంతా బాగుందని నేను సంతకం చేశా. కాలేజీ అన్నాక గోల ఉండదా ఏంటి? పిల్లలే సర్దుకుంటారు."

"పిల్లలు సర్దుకుంటారు సారూ. చెప్పేవాళ్ళ పరిస్థితేంటి?"

"ఎవరో ఒకామె గొంతు చిన్నదైతే దానికి మనం బిల్డింగు కూలగొడతామా?"

ఆ మాటతో మేస్త్రి మరి నిలబడలేదు. గిరుక్కున తిరిగి ప్రిన్సిపాల్ మేడం గదికి వెళ్ళాడు. బీమా ఆఫీసు నాటి నుంచీ ఆ భవనంలోనే ఉన్న ముసలి అటెండరు ఆవిడ బల్ల మీద కాగితాలు సర్దుతున్నాడు. కుర్చీలు మారినా ఆయన మారలేదు, తాళాలతో పాటు ఆయన్నీ కాలేజీకి అప్పగించి వెళ్ళారు.

మేస్త్రి నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు. ఏదో గొణిగాడు.

"ఏమిటి మేస్త్రీ? వినపడటం లేదు. కొంచెం గట్టిగా చెప్పండి" అంది మేడం.

పుట్టి బుద్ధెరిగాక ఆయనతో ఆ మాటన్నది ఆవిడే మొదలు. అటెండరు కూడా వింతగా తలెత్తి చూశాడు.

"గోడలు తప్పు కట్టానమ్మా" అన్నాడు మేస్త్రి. ఒకసారి బయటపడ్డాక మిగతాది ఆగలేదు. సీలింగు ముందేయడం, పైన ఖాళీ, ఏసీ గొట్టాలు పోవడం, పొద్దున తను విన్నది, అన్నీ చెప్పేశాడు. "నాలుగో గదిలో మీరు విన్నది ఒక గొంతు కాదమ్మా, రెండు గొంతులు. ఆ అమ్మాయి లెక్కల సారుతో కుస్తీ పడుతూ పాఠం చెప్పింది."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ అమ్మాయి మీకు తెలుసా?"

ఇదిగో, ఇక్కడ పడ్డాడు మనవాడు. మాటిచ్చాడు. అబద్ధమాడితే రేపు ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు ఆ పిల్ల కూడా అబద్ధంలో భాగమవుతుంది.

"మా కోడలమ్మా" అన్నాడు తలొంచుకుని. "చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఇప్పుడు ఆ మాట కూడా పోయింది."

"అంటే ఇది సిఫార్సన్నమాట."

"కాదమ్మా! ఉద్యోగం ఇవ్వమని నేనడగటం లేదు. ఇస్తారో మానేస్తారో మీ ఇష్టం. గోడది తప్పయితే గొంతుది తప్పని రాయకండి, అంతే నేనడిగేది."

మేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. లేచి, "పదండి, చూద్దాం" అంది.

ఆవిడా అటెండరూ నాలుగో గదిలో కూర్చుని తలుపేసుకున్నారు. మేస్త్రి ఒకటో గదికి వెళ్ళి ఆ తలుపూ వేసుకున్నాడు. మధ్యలో మూడు గోడలు. మామూలుగా మాట్లాడమని మేడం చెప్పింది గానీ, ఏం మాట్లాడాలో చెప్పలేదు. ఖాళీ గదిలో నిలబడితే ఆయనకు ఒక్కటే తోచింది. గొంతు తగ్గించి, తనలో తను అనుకున్నట్టు మొదలుపెట్టాడు.

"మా కోడలు మంచి పిల్లమ్మా. నేనే మాటలు రానివాణ్ణి. మా ఇంట్లో నేను అరుస్తా, మా ఆవిడ అరుస్తుంది, మావాడు అరుస్తాడు. ఆ పిల్ల ఏదో చెబుదామని నోరు తెరిచేసరికి మేం ముగ్గురం దాని మీద పడిపోతాం. ఆ తర్వాత, వినపడలేదమ్మా అని నవ్వుతాం. నాలుగేళ్ళయింది. డాబా మీద బట్టలకు పాఠం చెప్పుకుంది కానీ, మాలో ఒక్కరం కూడా కూర్చుని విన్లేదు."

తలుపు తీసేసరికి మేడంతో పాటు అటెండరు కారిడార్లో నిలబడి ఉన్నాడు. "ముక్క పోకుండా వినపడింది" అన్నాడు. తర్వాత మేడం వైపు తిరిగి పాత రోజుల హుషారుతో, "ఇదేమన్నా కొత్తా మేడం! బీమా ఆఫీసులో మేనేజరు గదికి కూడా ఇలాంటి గోడలే ఉండేవి. కరెంటు పోయి ఏసీ ఆగిందంటే చాలు, మేనేజరు గారు ఎవరిని బదిలీ చేస్తున్నారో టైపిస్టులకు ముందే తెలిసిపోయేది. ఫోనులో ఇంటావిడ చేత ఆయన తినే చీవాట్లు కూడా మాకందరికీ తెలిసిపోయేవి. పాపం, ఆయనకు తప్ప అందరికీ తెలుసు" అన్నాడు.

"మరి ముందే చెప్పొచ్చు కదయ్యా!" అన్నాడు మేస్త్రి ఒళ్ళు మండి.

"నన్నెవరడిగారు?" అన్నాడు అటెండరు.

మేడం నవ్వలేదు. కళ్ళు మాత్రం కాస్త తడిగా ఉన్నాయి. "గోడలన్నీ స్లాబు దాకా వెళ్ళాలి. కాలేజీ తెరిచే తేదీ మాత్రం మారదు. ఈ రోజు ఆ రెండు గదుల్లో పాఠం చెప్పిన ప్రతివాళ్ళనీ మళ్ళీ పిలుస్తాం. మీ కోడలికని ప్రత్యేకంగా ఏమీ చెయ్యను, అర్థమైందా?" అంది. ఇంజనీరు ఆ సాయంత్రం మేస్త్రితో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం తనే బోర్డుల లెక్క వేసి పట్టుకొచ్చాడు.

ఇంటి దగ్గర అసలు పరీక్ష ఆయన కోసం కాచుకుని ఉంది. కోడలు అంతా నిలబడి వింది. ఆ పిల్లకు కోపమొస్తే గొంతు ఇంకా తగ్గుతుంది.

"చెప్పనన్నారు కదా మామయ్యా."

"అన్నానమ్మా."

"ఇప్పుడు వచ్చినా మామగారు ఇప్పించాడంటారు. నేను వెళ్ళను."

మేస్త్రి భార్య అందుకోబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ముగ్గురిలో ఎవరో ఒకరు అందుకోవడమే కదా నాలుగేళ్ళ నుంచీ జరుగుతోంది.

"నీ కోసమే చెప్పానని అనలేను, చెప్పలేదనీ అనలేను. నా చేతిపని తప్పయిందని తెలిశాక మూత పెట్టి దిగలేకపోయా. ఉద్యోగం వచ్చినా రాకపోయినా నీతో ఇంకో మాట చెప్పాలి. నీకు గొంతు లేదని అందరికంటే ముందన్నవాణ్ణి నేను. అదేదో జోకనుకున్నా. నువ్వు బాధపడ్డావేమో అని ఒక్కసారీ అనుకోలేదు."

కాదు మామయ్యా, నేనేం బాధపడలేదు అంటుందనుకున్నాడు. పెద్దవాళ్ళు తగ్గి మాట్లాడితే ఎవరైనా అలాగే అంటారు కదా. కోడలు అలా అనలేదు.

"బాధపడ్డాను మామయ్యా" అంది. "రోజూ పడ్డాను."

ఇల్లంతా చప్పబడిపోయింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అంతకుముందు ఎవరూ ఎరగరు. మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మేస్త్రి తలాడించాడు. చివరికి కోడలే, "ఎప్పుడన్నారు మళ్ళీ డెమో?" అని అడిగింది.

ఆ తర్వాతి తొమ్మిది రోజులూ మేస్త్రి మనిషి కాడు. ముందు మూడు, నాలుగు, ఐదు గదుల పని పట్టుకున్నాడు. ప్రతి గోడ నెత్తినా సీలింగు కోయించి, స్లాబుకి పట్టీ బిగించి, రెండు వరసలు బోర్డులు వేయించి, మధ్యలో చప్పుడు మింగేసే గాజు దూది కూరించాడు. పైపు దూరిన చోటల్లా, వైరు దూరిన చోటల్లా తనే వేలు పెట్టి చూసి సందు పూడ్చాడు. గాజు దూదికి ఒళ్ళంతా దురదలు, కళ్ళు ఎర్రబడ్డాయి. గంటకోసారి "ఆపండ్రా" అని పనంతా ఆపించేవాడు. ఒకతన్ని ఆ గదిలో మాట్లాడమని, అటెండరుని ఈ గదిలో నిలబెట్టి వినమనేవాడు. మైకు మేస్త్రి నిశ్శబ్దం అడుగుతున్నాడంటే కలికాలం వచ్చినట్టేనని పనివాళ్ళు ఒకటే నవ్వు. అన్నీ పడ్డాడు. "వినపడుతోందా?" అని అడగడం, "ఇంకా లీలగా వినపడుతోంది" అని అటెండరు అంటే మళ్ళీ నిచ్చెనెక్కడం.

డెమో రోజున కోడలు ఈసారి ఆయన ఎదురుగా ఆగి, "వెళ్తున్నా మామయ్యా" అని అందరూ చూస్తుండగానే చెప్పి నాలుగో గదిలోకి వెళ్ళింది. మూడో గదిలోకి మళ్ళీ ఆ లెక్కల సారే వెళ్ళాడు. తలుపులు పడ్డాయి. మేస్త్రి ఐదో గదిలో దూరి, నాలుగో గది గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు.

ఏమీ వినపడలేదు.

చెవి మార్చాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు. గోడ పొడవునా ఆ మూల నుంచి ఈ మూలకు చెవి రాసుకుంటూ నడిచాడు. అవతల ఆ పిల్ల మాట్లాడుతోందో లేదో కూడా తెలియడం లేదు. గొంతు చీలిందో, నిలబడిందో, ఎవరన్నా నవ్వారో, ఏమీ తెలియడం లేదు. ఎక్కడో ఒక చిన్న సందు వదిలేసి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది, సిగ్గు లేకుండా. ముప్పయ్యేళ్ళలో అంత మంచి గోడ ఆయన కట్టలేదు. ఆ గోడ పట్టుకునే నిలబడి, ఆమె పాఠం ఎలా ఉంటుందో నాకు ఎప్పటికీ తెలియదు కాబోలు అనుకుంటే ఆయనకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

ముప్పావుగంటకి ఐదో గది తలుపు తెరుచుకుంది. చేతులకు సుద్దపొడితో కోడలు నిలబడి ఉంది. గోడకంటుకుని ఉన్న మామగారిని చూసింది.

"వినపడిందా?"

"ఒక్క ముక్క వినపడలేదమ్మా. ఏమన్నారు?"

"సోమవారం నుంచి రమ్మన్నారు." అంటూ ఆ పిల్ల చేతుల సుద్దపొడి దులుపుకుంది. "చివరి బెంచీలో కూర్చున్న మేడం నోట్సు కూడా రాసుకున్నారు మామయ్యా. గట్టిగా చెప్పమని ఎవరూ అనలేదు."

మేస్త్రికి ఒక్క పెట్టున అరవాలనిపించింది. ఆ అంతస్తంతా వినపడేలా, కింద టీ తాగేవాళ్ళకు కూడా వినపడేలా. నోరు తెరిచాడు కూడా. మళ్ళీ మూసుకుని, మూలనున్న పుట్టీ డబ్బాను బోర్లించి గది మధ్యకు లాక్కుని దాని మీద కూర్చున్నాడు.

"ఏం చెప్పావు వాళ్ళకి?"

"విత్తనాల పాఠం. ఎందుకు మామయ్యా?"

"నాకు చెప్పమ్మా."

"మీకా? ఇప్పుడా?"

"మొదటి నుంచీ చెప్పు. నాకేం తొందర లేదు."

కోడలు వెళ్ళి తలుపు మూసి వచ్చింది. రంగు వాసన ఇంకా పూర్తిగా పోని ఆ గదిలో, నల్లబోర్డు కూడా బిగించని గోడ ముందు నిలబడింది. విత్తనం చచ్చిపోయినట్టు కనపడుతుంది గానీ అది నిద్రపోతోందంతే అని మొదలుపెట్టింది. మేస్త్రి చేతులు ఒళ్ళో పెట్టుకుని ముప్పావుగంటా నోరు మెదపకుండా కూర్చున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. ఆయనకు ప్రతి మాటా వినపడింది.